రెండవ బాణం తగలకుండా: ప్రకృతి విపత్తులు, మనస్సు సన్నద్ధత, సంఘ బాధ్యత

(ప్రసంగ పాఠం)

 

చరిత్ర అధ్యాపకులం గనుక ఇటువంటి సభల్లో మాకు సాధారణంగా స్తూపాల గురించో, శాసనాల గురించో మాట్లాడే పని అప్పగిస్తారు. ఈ పర్యాయం నిర్వాహకులు వేరొక అంశం సూచించారు. తుఫాను, వరద, భూకంపం వంటి ఉపద్రవాలకు మనస్సును ముందుగా ఎలా సిద్ధం చేసుకోవాలి? అవి వచ్చి పోయిన తరువాత మనిషి ఎలా కోలుకుంటాడు? ఇందులో ధమ్మం మనకు చూపే దారి ఏది? మేము మనోవైద్యులం కాము. అయితే చరిత్ర చదివేవారికి ఒక విషయం తేటగా కనిపిస్తుంది. విపత్తు కొన్ని గంటల్లో వచ్చి పోతుంది. ఆ విపత్తుకు సమాజం చెప్పుకునే అర్థం మాత్రం తరతరాలు నిలుస్తుంది. ఆ అర్థమే కొందరిని నిలబెడుతుంది, కొందరిని కూలదోస్తుంది.

ఈ అంశం మనకు దూరమైనది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం, విశాఖ తీరపు కొండలపై తొట్లకొండ, బావికొండ, కృష్ణా డెల్టాలో ఘంటసాల, భట్టిప్రోలు: మన ప్రాచీన బౌద్ధ క్షేత్రాలలో ఎన్నో సముద్ర వర్తకంతో వర్ధిల్లినవి. అందుచేతనే అవి తుఫానుల దారిలోనూ ఉన్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, ఉద్దానం ప్రాంతాల కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఈ సభలో కూర్చున్నవారిలో పల్లపు నేలల్లో, ఏటి గట్ల మీద, ఊరికి దూరంగా వేసిన పేటల్లో పుట్టి పెరిగినవారు తక్కువేమీ కాదు. నీరు వచ్చినప్పుడు మొదట మునిగేది ఎవరి ఇల్లో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎవరి పాపం?

విపత్తు తరువాత ప్రతి ఊళ్లోనూ వినిపించే మొదటి మాట "ఎవరి పాపం పండిందో" అని. రెండవ మాట "చేసుకున్న కర్మ" అని. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవిన ఈ రెండు మాటలూ పడతాయి. ఓదార్పుగా చెప్పినవారు కూడా ఉండవచ్చు. కాని ఆ తల్లికి అది తీర్పు వలె వినిపిస్తుంది. తానో తన బిడ్డో ఏదో నేరం చేసినందుకే ఇది జరిగిందని ఆమె మనస్సు నమ్మడం మొదలుపెడుతుంది. కోలుకునే దారిలో ఇంతకు మించిన అడ్డంకి మరొకటి లేదు.

ఈ ప్రశ్నను తథాగతుని ముందు పెట్టినవారు ఉన్నారు. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుని సూత్రం ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే కలుగుతాయని కొందరు శ్రమణ బ్రాహ్మణులు చెబుతున్నారు, తమరేమంటారు అని అతడు అడిగాడు. బుద్ధుడు ఆ మాటను అంగీకరించలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త నడవడి, బయటి నుంచి వచ్చిపడే దెబ్బ, కర్మవిపాకం అని ఎనిమిది కారణాలు లెక్కించి, అన్నింటినీ పూర్వకర్మకే అంటగట్టేవారు తమకు తెలిసినదాన్నీ, లోకం సత్యమని ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని స్పష్టం చేశాడు. ఋతువుల మార్పు ఆ జాబితాలో వేరుగా ఉన్నదని మనం గమనించాలి. తరువాతి కాలపు అట్ఠకథాచార్యులు ఐదు నియమాలను చెప్పినప్పుడు కూడా ఋతు నియమాన్ని కర్మ నియమం నుంచి విడదీసే చెప్పారు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడటానికి దివిసీమ కూలీ పూర్వజన్మతో సంబంధం లేదు. ఈ మాటను మనం ధమ్మం ఆధారంగానే ధైర్యంగా చెప్పవచ్చు.

ఆధునిక భారత చరిత్రలోనూ ఈ చర్చ ఒక పర్యాయం జరిగింది. 1934 జనవరి 15న ఉత్తర బీహారులో సంభవించిన మహాభూకంపంలో వేలాదిమంది మరణించారు. అంటరానితనమనే పాపానికి దైవం విధించిన శిక్షగా గాంధీజీ ఆ భూకంపాన్ని అభివర్ణించారు. అంటరానితనాన్ని ఖండించడమే ఆయన ఉద్దేశం. అయినా రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ వివరణను బహిరంగంగా వ్యతిరేకించారు. భౌతిక ఘటనకు భౌతిక కారణాలే ఉంటాయని, నైతిక నియమాన్ని భూకంపంతో ముడిపెడితే ప్రజల్లోని అవివేకం బలపడుతుందని ఆయన వాదం. గాంధీజీ ఆ అభ్యంతరాన్ని తన 'హరిజన్' పత్రికలోనే ప్రచురించి సమాధానమిచ్చారు. మేము ఈ ఘట్టాన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతాము: ఆ భూకంపంలో అంటరానివారి గుడిసెలు కూలలేదా? పాపం చేసినవారికి శిక్ష అంటే, ఆ పాపానికి బలైనవారు ఎందుకు చనిపోయారు? సదుద్దేశంతో చెప్పినా ఆ వివరణ బాధితుని పక్షాన నిలబడలేదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో కర్మ సిద్ధాంతాన్ని ఎందుకంత నిశితంగా పరిశీలించారో ఇప్పుడు అర్థమవుతుంది. పేదల దుస్థితికి గతజన్మ కర్మను కారణంగా చూపితే రాజ్యమూ సమాజమూ తమ బాధ్యత నుంచి తప్పించుకుంటాయన్నది ఆయన విమర్శ. విపత్తుల విషయంలో ఈ విమర్శకు రెండింతల బలం ఉంది. గట్టు ఎందుకు తెగింది, హెచ్చరిక ఎందుకు అందలేదు, పేటను పల్లంలో ఎందుకు వేశారు అనే ప్రశ్నలన్నిటినీ "కర్మ" అన్న ఒక్క మాట మూసివేస్తుంది.

రెండు బాణాలు

సంయుత్త నికాయంలోనే సల్లత్థ సూత్రం ఉంది. ధమ్మం వినని మనిషికి బాధ కలిగినప్పుడు అతడు ఒక బాణం తగిలిన వెంటనే రెండవ బాణం కూడా తగిలినవాని వలె అవుతాడు. మొదటిది శరీరానికి తగిలే దెబ్బ. రెండవది ఆ దెబ్బకు మనస్సు పడే గింజులాట. ఆర్యశ్రావకునికి మొదటి బాణం తప్పదు. రెండవది తగలదు.

విపత్తు నుంచి బయటపడినవారిలో ఈ రెండవ బాణం ఎన్ని రూపాల్లో కనిపిస్తుందో వైద్యులు వివరంగా నమోదు చేశారు. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, వానజల్లు వినగానే గుండె దడ, జరిగిన దృశ్యం కళ్ల ముందు మళ్లీ మళ్లీ కదలడం, "నేనే ఆ చేయి వదిలేశాను" అనే అపరాధ భావం, "వాళ్లు పోయి నేనెందుకు మిగిలాను" అనే ప్రశ్న. మగవారిలో తాగుడు పెరుగుతుంది. పిల్లలు పక్క తడపడం, తల్లి కొంగు వదలకపోవడం, మాట్లాడటం మానేయడం జరుగుతుంది. ఇవి పిచ్చికి గుర్తులు కావు, పిరికితనమూ కాదు. అసాధారణ ఘటనకు మామూలు మనిషి మనస్సు చూపే స్పందనలు. తిండి, గూడు, తనవారి తోడు దొరికితే చాలామందిలో ఇవి కొన్ని వారాల్లో క్రమంగా తగ్గుతాయి. ఈ ఒక్క విషయం ముందుగా తెలిసి ఉండటమే సగం ధైర్యం.

సూత్రంలోని రెండవ బాణం మన మనస్సే వేసుకునేది. మన సమాజ చరిత్రను బట్టి దీనికి మరొక మాట చేర్చవలసి ఉన్నది. చుట్టూ ఉన్న మనుషులు వేసే రెండవ బాణం కూడా ఒకటుంది. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత తమిళనాడు తీరంలో, ముఖ్యంగా నాగపట్నం ప్రాంతంలో, సహాయ శిబిరాల్లోనూ సాయం పంపిణీలోనూ దళితులు వివక్షకు గురయ్యారని మానవ హక్కుల సంఘాల నివేదికలు, పత్రికలు నమోదు చేశాయి. శవాలను తొలగించే పని పారిశుధ్య కార్మికుల మీద, అంటే అత్యధికంగా దళితుల మీదనే పడింది. సముద్రం కులం అడగలేదు. శిబిరం అడిగింది. సముద్రం కొట్టిన దెబ్బను కాలం కొంత మాన్పుతుంది. తోటి మనిషి "నీకిక్కడ చోటు లేదు" అన్న మాట మాత్రం ఏళ్ల తరబడి సలుపుతూనే ఉంటుంది. మొదటి బాణాన్ని ఆపడం మన చేతిలో కొంతవరకే ఉంది. ఈ రెండవ దాన్ని ఆపడం మాత్రం మనుషులు చేయగలిగిన పని, మనుషులే చేయవలసిన పని.

రాని భయాన్ని ముందే చూడటం

బౌద్ధం నిరాశావాదమని కొందరంటారు. అంగుత్తర నికాయం పంచక నిపాతంలోని అనాగత భయ సూత్రాలు చదివితే ఆ అపోహ తొలగుతుంది. భిక్షువు ఇలా ఆలోచించాలని అక్కడ ఉంది: ఇప్పుడు యవ్వనముంది, వార్ధక్యం రావచ్చు. ఇప్పుడు ఆరోగ్యముంది, వ్యాధి రావచ్చు. ఇప్పుడు భిక్ష సులభంగా దొరుకుతున్నది, కరువు రావచ్చు. ఇప్పుడు ప్రజలు కలిసిమెలిసి ఉన్నారు, ఉపద్రవం వచ్చి చెల్లాచెదురు కావచ్చు. ఇప్పుడు సంఘం ఐక్యంగా ఉంది, చీలిక రావచ్చు. ఆ స్థితి రాకముందే సాధించవలసినది సాధించుకోవాలి. రాబోయేదాన్ని తలచుకొని కుంగిపోవడానికి ఈ భావన చెప్పలేదు. నేడు చేయవలసిన పనిని నేడే చేయడానికి చెప్పారు.

నేటి మనోవిజ్ఞానం చెప్పేది దీనికి దగ్గరగానే ఉంది. ఆస్ట్రేలియా మనోవిజ్ఞాన సంఘం తుఫానులు, కార్చిచ్చులు ఎదుర్కొనే కుటుంబాలకు మూడు మెట్లు బోధిస్తుంది. ఆపద సమయంలో తనకు కలగబోయే భయాన్ని ముందుగా ఊహించుకోవడం, అది కలిగినప్పుడు శరీరంలో, ఆలోచనలో దాన్ని గుర్తించడం, ఊపిరిని నెమ్మదింపజేసి, తనకు తాను ధైర్యం చెప్పుకొని దాన్ని అదుపు చేసుకోవడం. ఆనాపాన సతి, వేదనానుపశ్యన అభ్యసించేవారికి ఈ మూడు మెట్లు కొత్తవి కావు. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు "ఇది భయం" అని గుర్తించగలిగినవాడు గుమ్మం దాటే ముందు దీపం ఆర్పడం మరచిపోడు, ముసలి తల్లిని మరచిపోడు. అయితే ఆ అభ్యాసం గాలి మొదలయ్యాక నేర్చుకునేది కాదు. ఎండాకాలంలోనే, నిత్యం పది నిమిషాలైనా చేస్తే ఆ రాత్రి అక్కరకు వస్తుంది.

మనస్సు సన్నద్ధత ఒంటరి వ్యవహారం కాదని కూడా చరిత్ర చెబుతుంది. నేటి బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్‌లో దొరికిన మౌర్యకాలపు బ్రాహ్మీ శాసనం ఒక ఆపత్కాలంలో ప్రజలకు ధాన్యం ఇవ్వమని, సుభిక్షం తిరిగి వచ్చాక ధాన్యాగారాన్నీ కోశాన్నీ మళ్లీ నింపమని ఆదేశిస్తుంది. గోరఖ్‌పూర్ జిల్లా సోహగౌరాలో దొరికిన చిన్న లోహఫలకం శ్రావస్తి మహామాత్రుల ఆజ్ఞ. అత్యవసర సమయాల్లో వాడవలసిన రెండు ధాన్యాగారాల గురించి అది చెబుతుంది. మన తొట్లకొండకు ఆ పేరు రావడానికి కారణమే భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు. రేపు తిండి ఉన్నదన్న భరోసా, నీరు ఉన్నదన్న భరోసా మనస్సుకు కలిగించే నిబ్బరం ఏ ఉపదేశమూ కలిగించలేదు.

బాబాసాహెబ్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యులుగా ఉన్నప్పుడు ఇదే దృష్టితో నదుల వైపు చూశారు. 1943 దామోదర్ వరద తరువాత దామోదర్ లోయ పథకానికి జరిగిన కృషిలో ఆయన పాత్ర గణనీయమైనది. 1945 నవంబరులో కటక్‌లో ఒడిశా నదుల సమావేశానికి అధ్యక్షత వహిస్తూ, అధిక జలాన్ని శాపంగా భావించే ధోరణిని ఆయన తిరస్కరించారు. నీరు సంపద అని, దాన్ని సముద్రంలోకి తరిమివేయడం బదులు నిలువచేసి ప్రజలకు ఉపయోగించాలని వాదించారు. వరదను దైవకోపంగా చూసే మనస్సుకు ఈ ఆలోచన తట్టదు.

అదే ఒడిశాలో 1999 అక్టోబరు మహాతుఫాను సుమారు పదివేల మందిని బలిగొన్నది. ఆ తరువాత రాష్ట్రం ప్రత్యేక సంస్థను నెలకొల్పి, తీరమంతటా రక్షిత కేంద్రాలు కట్టి, గ్రామాల్లో ఏటేటా కసరత్తులు చేయించింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య యాభై లోపే ఉన్నది. బంగ్లాదేశ్ అనుభవమూ ఇటువంటిదే. 1970 నవంబరు తుఫానులో అక్కడ కనీసం మూడు లక్షల మంది మరణించారు. 1972లో ఆ ప్రభుత్వమూ రెడ్‌క్రాస్ కలిసి తుఫాను సన్నద్ధతా కార్యక్రమం ప్రారంభించాయి. నేడు అందులో డెబ్బై వేలకు పైగా గ్రామ వాలంటీర్లు ఉన్నారు, వారిలో సగం మంది స్త్రీలు. జెండా ఎగరేసి, మైకు పట్టుకొని, ఇంటింటి తలుపు తట్టేది వారే. 2007 సిడర్ తుఫానులో మరణాలు మూడు వేల పైచిలుకు. అదీ దుఃఖకరమే. కాని 1970తో పోల్చి చూడండి.

ఈ మార్పు సిమెంటు గోడల వల్ల మాత్రమే రాలేదు. హెచ్చరిక విన్నా జనం ఎందుకు కదలరో ఆలోచించండి. ఇల్లు దోచుకుంటారన్న భయం, గేదెను వదలలేకపోవడం, పోయినసారి ఏమీ కాలేదన్న ధీమా, కాగితాలు పోతాయన్న దిగులు. 1991 ఏప్రిల్ తుఫానులో బంగ్లాదేశ్‌లో పురుషుల కన్నా స్త్రీలు చాలా ఎక్కువగా మరణించారు. మగవారు వచ్చి చెప్పేదాకా ఇల్లు కదలకపోవడం, కేంద్రాల్లో మరుగు లేకపోవడం అందుకు కారణాల్లో కొన్ని. మన పేటల్లో దీనికి మరొకటి తోడవుతుంది: "అక్కడికి వెళ్తే మనల్ని లోపలికి రానిస్తారా?" ఈ సంశయం తీరనిదే ఏ హెచ్చరికా పని చేయదు. తలుపు తట్టిన మనిషి మనవాడని, చేరబోయే చోట మనకు మర్యాద ఉన్నదని నమ్మకం కుదిరితేనే కాళ్లు కదులుతాయి. మనోసన్నద్ధతకు పునాది ఈ నమ్మకమే.

పటాచార నేర్పిన క్రమం

ఇక కోలుకోవడం గురించి. మన గ్రంథాల్లో ఒక తుఫాను బాధితురాలి కథ ఉన్నదని మనం తరచుగా మరచిపోతాం. శ్రావస్తి శ్రేష్ఠి కూతురు పటాచార రెండవసారి గర్భవతిగా ఉండి, భర్తతో, పెద్ద బిడ్డతో పుట్టింటికి బయలుదేరింది. దారిలో గాలివాన, ఆ వానలోనే రెండవ బిడ్డ పుట్టాడు. కొమ్మలు నరకడానికి వెళ్లిన భర్త పాము కాటుకు చనిపోయాడు. రాత్రంతా ఆమె తన ఒంటినే గొడుగు చేసి బిడ్డలను కాపాడింది. తెల్లవారి పొంగుతున్న ఏరు దాటేటప్పుడు పసికందును డేగ ఎత్తుకుపోయింది, పెద్దవాణ్ణి ప్రవాహం కొట్టుకుపోయింది. ఊరు చేరేసరికి అదే గాలివానకు ఇల్లు కూలి తల్లిదండ్రులు, సోదరుడు మరణించారని తెలిసింది. ఆమెకు మతి తప్పింది. ఒంటిపై బట్ట జారినా తెలియక తిరుగుతుంటే జనం పిచ్చిదని మట్టిబెడ్డలు విసిరారు. మొదటి బాణం గాలివాన వేసింది. మట్టిబెడ్డలు ఎవరు వేశారో చూడండి.

ఆమె జేతవనానికి వచ్చినప్పుడు అక్కడివారు అడ్డుకోబోయారు. బుద్ధుడు వారిని వారించాడు. ఆమెను సోదరీ అని పిలిచి, స్మృతి తెచ్చుకోమన్నాడు. ఆమెకు తన స్థితి తెలిసి సిగ్గుపడింది. ఒక మనిషి తన పైబట్ట ఆమె మీద వేశాడు. ఆ తరువాత ఆమె తన కథ చెప్పింది, తథాగతుడు విన్నాడు. అనిత్యతను గురించిన ధమ్మోపదేశం ఆ తరువాతనే.

ఈ క్రమాన్ని మనం కంఠస్థం చేయాలి. మొదట తరిమేయకపోవడం. తరువాత బంధువు వలె పిలవడం. తరువాత బట్ట. తరువాత వినడం. చివరికి ధమ్మం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇతర సంస్థలతో కలిసి 2011లో ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు మాటల్లో చెప్పేది కూడా దాదాపు ఇదే: చూడు, విను, కలుపు. ఎవరికి ఏమి అవసరమో చూడాలి. చెప్పుకుంటే వినాలి. తిండి, వైద్యం, బంధువులు, ప్రభుత్వ సాయం ఉన్న చోటికి వారిని కలపాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. జరిగినదంతా వెంటనే పూసగుచ్చినట్లు చెప్పమని ఒత్తిడి చేయరాదు. అది మేలు చేయదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి. "అంతా అనిత్యం, ఏడవకండి" అని మొదటి రోజే చెప్పరాదు. గాయం పచ్చిగా ఉన్నవారిని కళ్లు మూసుకొని ధ్యానంలో కూర్చోబెట్టరాదు. మూసిన కళ్ల ముందు వారికి కనిపించేది ఉప్పెనే. అటువంటివారికి నడక, చేతికి పని, పక్కన ఒక మనిషి ధ్యానం కన్నా ముందుగా కావాలి.

శోకానికి శరీరాన్ని చూసే హక్కు కూడా ఉన్నది. శవాల వల్ల అంటురోగాలు ప్రబలుతాయన్న భయంతో గుర్తు పట్టకముందే సామూహికంగా పూడ్చివేయడం ఎన్నో చోట్ల జరిగింది. ప్రకృతి విపత్తులో మరణించినవారి దేహాల వల్ల సాధారణంగా మహమ్మారులు రావని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఫొటో తీసి, గుర్తులు రాసుకొని, కుటుంబానికి కడసారి చూపు దక్కేలా చేయడం వైద్యమంత ముఖ్యమైనది. దేహం దొరకనివారి కోసం విహారంలో ఒక దినం నిర్ణయించి, పేర్లు చదివి, వారి పేరిట దానం చేసి పుణ్యానుమోదన జరపవచ్చు. దీనికి అప్పు చేయనక్కరలేదు, పురోహితుని అనుమతి అక్కరలేదు.

2015 ఏప్రిల్ 25 నేపాల్ భూకంపంలో సుమారు తొమ్మిది వేల మంది మరణించారు. కాఠ్మాండూలోని బౌద్ధనాథ్ స్తూపం శిఖరం దెబ్బతిన్నది. భక్తుల విరాళాలతో, స్థానికుల శ్రమతో దాన్ని పునరుద్ధరించి 2016 నవంబరులో తిరిగి ప్రతిష్ఠించారు. ఇళ్లు కూలి ఉండగా స్తూపం ఎందుకని అడిగేవారు ఉండవచ్చు. పదిమంది కలిసి నడిచే చోటు తిరిగి నిలబడటం కూడా మనుషులు తిరిగి నిలబడటంలో భాగమే. సునామీ తరువాత శ్రీలంకలో పనిచేసిన మనోవిజ్ఞాన పరిశోధకులు గమనించినది కూడా దీన్ని బలపరుస్తుంది. అక్కడి బాధితులు తమ కష్టాన్ని మనస్సు లోపలి గాయంగా కన్నా, కుటుంబంలో, ఊరిలో తమ స్థానం చెదిరిపోవడంగా చెప్పుకున్నారు.

పటాచార కథ జేతవనంలో ముగియలేదు. ఆమె భిక్షుణి అయి, వినయంలో అగ్రగణ్యురాలని తథాగతుని ప్రశంస పొందింది. బిడ్డలను పోగొట్టుకున్న ఎందరో స్త్రీలు ఆమె దగ్గరకు వచ్చి శోకం తీర్చుకున్నారని థేరీగాథ చెబుతుంది. మట్టిబెడ్డలు తిన్న స్త్రీ ఇతరులకు ఆశ్రయమైంది. బాధితురాలిని ఎల్లకాలం సాయం పుచ్చుకునే చేయిగానే చూడరాదని ఇందులోని బోధ. ఒడిశా తుఫాను, గుజరాత్ భూకంపం, సునామీ తరువాత బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు స్థానిక కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి మానసిక సాయం అందించడంలోనూ ఈ వివేకమే కనిపిస్తుంది.

మన విహారాలు చేయదగినవి

ఈ సభ ముందు కొన్ని ప్రతిపాదనలు ఉంచుతున్నాము. ఇవి పెద్ద నిధులు అడిగేవి కావు.

మొదటిది, ప్రతి విహారం ఏటా రెండు పర్యాయాలు, వైశాఖ పూర్ణిమకు ఒకసారి, అక్టోబరు 14 ధమ్మ దీక్షా దినానికి ఒకసారి, తన పేట పటం గీయాలి. మంచాన పడినవారు, నిండు గర్భిణులు, ఒంటరి వృద్ధులు ఏయే ఇళ్లలో ఉన్నారు, వారిని ఎవరు తీసుకువెళ్లాలి అన్నది పేర్లతో రాసిపెట్టాలి. మన తీరంలో ఒక వేళ వేసవి తుఫానులది, ఒక వేళ శరత్తు తుఫానులది. ఈ రెండు పండుగలూ ఆ వేళల్లోనే వస్తాయి.

రెండవది, రక్షిత కేంద్రం వరకు పిల్లాపెద్దలతో నిజంగా నడిచి చూడాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, మరుగుదొడ్లు పనిచేస్తున్నాయా, స్త్రీలకు వేరే గది ఉందా, అక్కడ మన పేటవారికి ఏ గది ఇస్తారు అన్నవి ఎండ కాసే రోజుల్లోనే అధికారులతో తేల్చుకోవాలి. వివక్ష జరిగితే ఎవరికి రాతపూర్వకంగా తెలియజేయాలో ముందే నిర్ణయించుకోవాలి.

మూడవది, ఆధార్, రేషన్ కార్డు, పట్టా, కుల ధ్రువపత్రం నకళ్లు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాలి. కాగితాల దిగులు తీరితే మనిషి సగం ముందుగా ఇల్లు కదులుతాడు.

నాలుగవది, ప్రతి విహారంలో కనీసం ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు మానసిక ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే ఈ విషయమై మార్గదర్శకాలు వెలువరించింది. నెల దాటినా నిద్ర, తిండి, పని కుదుటపడనివారిని, చావు మాట ఎత్తేవారిని, ఉన్నట్టుండి తాగుడుకు లోబడినవారిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం వారి బాధ్యత. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ ద్వారా ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు విహారం గోడపై రాసి ఉంచాలి. వైద్యుని దగ్గరకు వెళ్లడం ధమ్మంలో విశ్వాసం తగ్గినట్లు కాదు.

ఐదవది, విహారం తలుపు విపత్తు రోజున కులమతాలు అడగకుండా తెరిచి ఉండాలి. మనకు తలుపులు మూసినవారు ఆ రోజు మన గుమ్మంలో నిలిచినా సరే. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని మాకు తెలుసు. సునామీ రోజున శ్రీలంక తీరంలో ఎన్నో బౌద్ధ విహారాలు మతం అడగకుండా బాధితులకు ఆశ్రయమిచ్చాయి. మనం చేయలేనిది కాదు.

పరిత్రాణ పాఠాల విషయం కొందరు మిత్రులు అడిగారు. వైశాలిలో కరువు, రోగం, భయం పీడిస్తున్నప్పుడు రతన సూత్రాన్ని పఠించారని అట్ఠకథలు చెబుతాయి. చీకటి రాత్రి రక్షిత కేంద్రంలో అందరూ ఒకే గొంతుతో పఠిస్తే ఊపిరి కుదుటపడుతుంది, పసిపిల్లలు నిద్రపోతారు, ఒంటరివాడికి తోడు దొరుకుతుంది. ఆ మేరకు అది గొప్ప ఔషధం. అయితే పఠనం గట్టుకు బదులు కాదు, పడవకు బదులు కాదు. సమయానికి ఇల్లు వదలడానికి అసలే బదులు కాదు.

మిత్రులారా, ఈ సముద్రం పక్కనే, ఈ నదుల పక్కనే మనమూ మన పిల్లలూ ఉంటాము. వాతావరణం మారుతున్న కొద్దీ ఉపద్రవాల తీవ్రత పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. వచ్చే వాయుగుండానికి ముందు మన పేటల్లో ఎన్నింటికి పటాలు సిద్ధమవుతాయి, ఎన్ని విహారాల గోడలపై ఆ నంబరు కనిపిస్తుంది అన్నదే ఈ ప్రసంగానికి పరీక్ష. వచ్చే ఏడాది ఇదే సభలో ఆ లెక్క చెప్పుకుందామని కోరుతున్నాము.

నమో బుద్ధాయ. జై భీమ్.